మంజీరలో కలపబోయిన భాగవతం

గ్రంథం సరస్వతీ స్వరూపమని మన నమ్మకం. పొరపాటున కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. మహర్నవమి నాడు పీటపై ఉంచి పసుపు కుంకుమలతో అర్చిస్తాం. మరి ఆ గ్రంథమే శిథిలమైతే? అట్టలు ఊడి, పుటలు పొడిపొడిగా రాలుతున్న భాగవతాన్నో రామాయణాన్నో పాతకాగితాలు కొనేవాడి తక్కెడలో వేయడానికి ఏ భక్తుడికీ చేయి రాదు. ఇంట ఉంచుకుందామంటే జీర్ణవస్తువు ఇంట ఉండరాదన్న భయం. అందుకే పసుపుబట్టలో చుట్టి, మంచిరోజు చూసి, పారే నీటిలో విడిచిపెట్టడం ఎన్నో పల్లెల్లో ఆచారంగా స్థిరపడింది.

కామారెడ్డి జిల్లా బాన్సువాడ ప్రాంతంలోని మహమ్మద్ నగర్ అటువంటి పల్లెలలో ఒకటి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్ట మంజీర జలాలను ఈ ప్రాంతపు పొలాలకు మళ్లించింది. నీటికి దగ్గరి ఊరు కనుక నిమజ్జనాలకూ కొదవ లేదు. వినాయకుడు, బతుకమ్మ, గాజు పగిలిన దేవుడి పటాలు, పాత పంచాంగాలు అన్నీ ఆ నీటినే చేరుతాయి. మా ఇంటి భాగవతం కూడా ఆ దారినే పోవలసింది.

పంపకాలలో విడిపోయిన స్కంధాలు

పోతన భాగవతం రెండు సంపుటాలుగా మా తాతగారి కాలంలో మద్రాసు నుంచి తపాలా పార్సెలులో వచ్చిందని ఇంట్లో చెప్పుకుంటారు. తాతగారు పోయాక పొలాలు, గొడ్లు, ఇత్తడి గంగాళాలు పంచుకున్నట్టే దానినీ పంచుకున్నారు. మొదటి సంపుటం పెదనాన్నగారికి, రెండవది మా నాయనకు. ప్రహ్లాదుడు, గజేంద్రుడు ఒక ఇంటికి పోయారు. రుక్మిణి మరో ఇంటికి వచ్చింది.

ఆ పంపకంలోని చిక్కు తరువాత తెలిసింది. ఆడపిల్లకు మంచి సంబంధం కుదరాలని రుక్మిణీకల్యాణం పారాయణ చేయించడం మన ఇళ్లలో తరతరాల మాట. ఆ ఘట్టం దశమ స్కంధంలోనిది, మా సంపుటంలో ఉంది. పెదనాన్నగారి ఇంట పెళ్లీడు పిల్లలున్నంత కాలం ఆ పుస్తకం మా ఇంట ఉన్న రోజులు తక్కువ. ఇటు మా ఇంట ఎవరికైనా ఆపద వస్తే గజేంద్రమోక్షం కోసం మేం అటు నడవాలి. అన్నదమ్ముల మధ్య మాటలు లేని ఏళ్లలో కూడా ఈ రెండు సంపుటాలు మాత్రం రాకపోకలు మానలేదు.

2024 దసరాకు ఊరికి వెళ్లినప్పుడు పెదనాన్నగారి వసారాలో పసుపుబట్ట మూట ఒకటి కనిపించింది. ఏమిటని అడిగితే ఎనభై దాటిన ఆయన నిట్టూర్చారు. "ఇగ చదువ వశమైతలేదు బిడ్డా. చెదలు తిన్నయి. ఏకాదశి నాడు నీళ్లల్ల ఇడిచిపెడ్త."

అది మొదటి సంపుటం. ముఖపత్రం లేదు. మొదటి పుటలు జల్లెడలా ఉన్నాయి. నడుమ మాత్రం కాగితం పసుపుబారినా అక్షరం చెక్కుచెదరలేదు. నేను ఏదో అనబోతుంటే ఆయనే మళ్లీ అన్నారు: "పోతన రాసిన పుస్తకాన్నే చెదలు తిన్నయట. మనదెంత?"

ఆ మాట ఆయన ఓదార్పు కోసం అన్నారు. కానీ ఆలోచిస్తే అందులోనే జవాబు ఉంది.

నేలలో కలిసిన భాగాలు

రాచకొండ ప్రభువు సింగభూపాలుడు భాగవతాన్ని తనకు అంకితమిమ్మని అడిగాడనీ, పోతన ఒప్పుకోలేదనీ, కోపించిన ప్రభువు గ్రంథాన్ని భూమిలో పాతిపెట్టించాడనీ, తిరిగి తీసేసరికి కొంత భాగం శిథిలమైపోయిందనీ జనశ్రుతి. కథ ఎంతవరకు చరిత్రో పండితులు చర్చించుకుంటారు. చరిత్రకు అందే సంగతి మరొకటుంది. నేడు మనం చదువుతున్న తెలుగు భాగవతంలో అయిదవ స్కంధం బొప్పరాజు గంగనది. ఆరవది ఏర్చూరి సింగనది. పదకొండు, పన్నెండు స్కంధాలు వెలిగందల నారయవి. స్కంధం చివరి గద్యలో ఆయా కవుల పేర్లుంటాయి. ఓపికగా చూసే పాఠకుడికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అంటే ఆనాటి వారు చినిగిన భాగవతాన్ని గోదావరిలో కలపలేదు. పోయినంత మేర మళ్లీ రాసుకున్నారు. ఆలయం పాతబడితే జీర్ణోద్ధరణ చేస్తాం. గ్రంథానికి ఆ మాట ఎందుకు వర్తించదో నాకు అర్థం కాదు.

తాళపత్రాలు రాసిన లేఖకులు ప్రతి చివర ఒక విన్నపం చేర్చే సంప్రదాయం ఉంది. గ్రంథమే నోరు తెరిచి, నూనె నుంచి కాపాడండి, నీటి నుంచి కాపాడండి, వదులు కట్టు నుంచి కాపాడండి, విలువ తెలియనివారి చేతికి ఇవ్వకండి అని వేడుకున్నట్టుగా ఉంటుంది ఆ విన్నపం. నీటి నుంచి కాపాడమన్న దానినే మనం నీటికి అప్పగిస్తున్నాం.

భాగవతానికి విలువైన ప్రతి ఎలా ఉండాలో సంస్కృత భాగవతం ద్వాదశ స్కంధమే చెబుతుంది. భాద్రపద పూర్ణిమ నాడు బంగారు సింహాసనంపై భాగవతాన్ని ఉంచి దానం చేసినవారికి పరమగతి అని అక్కడి ఫలశ్రుతి. నేడు బంగారు అంచులతో, పట్టుగుడ్డ అట్టలతో, పెట్టెలో పెట్టి అమ్మే అపురూప ముద్రణలను చూసి ఇదంతా కొత్త వేడుక అనుకుంటాం గానీ, పుస్తకాన్ని సింగారించాలన్న కోరిక మనకు ఇంత పాతది. అయితే అక్కడ చెప్పింది దాచుకోమని కాదు, ఇవ్వమని.

ప్రతికీ ప్రతికీ తేడా

ఒక కావ్యం ఎన్నిసార్లు అచ్చయినా కావ్యం ఒకటే కదా, పాతది పోతే కొత్తది కొనుక్కోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. పారాయణకు అది చాలు. కానీ అచ్చుప్రతులన్నీ ఒకటి కావు.

కడపలో ఉద్యోగం చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వేమన పద్యాల వైపు దృష్టి సారించింది 1824లో. ఒకే పద్యం ఊరికొక తీరుగా, ప్రతికొక పాఠంతో కనిపించేసరికి ఆయన దొరికిన రాతప్రతులన్నీ తెప్పించి, పండితులను జీతాలపై నియమించి, పాఠాలను పోల్చి చూపించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. జూలూరి అప్పయ్య పండితుని వ్యాఖ్యతో వసుచరిత్రను 1844లో, మనుచరిత్రను 1851లో వెలువరించాడు. పొరుగు దేశస్థుడు సొంత డబ్బు పోసి చేసిన పని అది. ఆయన వదిలివెళ్లిన రాతప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత భాండాగారానికి చేరాయి.

తరువాతి పేరు వావిళ్లవారిది. వావిళ్ల రామస్వామి శాస్త్రులు 1854లో మద్రాసులో అచ్చుకూటం స్థాపించారు. ఆయన కుమారుడు వేంకటేశ్వర శాస్త్రులు దానిని తెలుగు, సంస్కృత గ్రంథాలకు నిలయంగా మార్చారు. తప్పులేని అచ్చుకు వావిళ్ల ప్రతి కొలమానం. పాత పండితుల ఇళ్లలో "వావిళ్లవారిదా?" అన్న ప్రశ్నకు అవునంటే ఇక పాఠం గురించి వాదన ఉండేది కాదు.

ప్రతికి ప్రతికి తేడా ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. తిరువాయూరులో త్యాగరాజస్వామి సమాధి మందిరాన్ని నిలబెట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ పేరు భక్తులందరూ ఎరిగినదే. ఆమె తంజావూరు కవయిత్రి ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనాన్ని చదివి, అంతకుముందు అచ్చయిన ప్రతిలో పద్యాలు తొలగించారని గుర్తించింది. రాతప్రతి సంపాదించి, 1910లో వావిళ్లవారి ద్వారా సమగ్రంగా అచ్చువేయించింది. శృంగారం మితిమీరిందని ప్రభుత్వం దానిని నిషేధించి ప్రతులను స్వాధీనం చేసుకుంది. 1947లో నిషేధం తొలగాక 1952లో అది మళ్లీ వెలుగు చూసింది. కొరత పడిన ప్రతి ఒక్కటే మిగిలి ఉంటే, కొరత ఉన్నదన్న సంగతి కూడా మనకు తెలిసేది కాదు.

ఆంగ్లేయులకూ ఇటువంటి అనుభవమే. షేక్స్పియర్ మరణించిన ఏడేళ్లకు, 1623లో, ఆయన మిత్రులు 36 నాటకాలను ఒక పెద్ద సంపుటంగా అచ్చు వేయించారు. వాటిలో సగం అంతకుముందు అచ్చు కానివే. ఆ సంపుటం లేకపోతే మాక్బెత్ లేదు. నేడు సుమారు 235 ప్రతులు మిగిలాయి. 2020లో ఒక ప్రతి వేలంలో దాదాపు కోటి డాలర్లు పలికింది. ఒక్కో ప్రతిలో అచ్చుదిద్దుళ్లు వేర్వేరుగా ఉంటాయి కనుక పండితులు వాటిని ఒక్కొక్కటిగా చదువుతారు.

మన పాత ప్రతులకు అంత వెల ఎవరూ కట్టరు. హైదరాబాదులో ఆదివారం అబిడ్స్ కాలిబాటపై పరిచే పాతపుస్తకాల మధ్య అప్పుడప్పుడు ఒక పురాణ సంపుటం కనిపిస్తుంది, ఏదో ఊళ్లో ఇల్లు ఖాళీ చేసినప్పుడు బయటపడింది. సేకరణ చేసేవారు ముందు ముఖపత్రం ఉందా అని చూస్తారు. సంపుటాలన్నీ కలిసి ఉన్నాయా, మొదటి కట్టు అలాగే ఉందా అని చూస్తారు. పంపకాలలో విడిపోయిన మా భాగవతం వారి లెక్కలో ఎక్కడా నిలవదు.

నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం

ఈ ప్రాంతంలో పాత తెలుగు అచ్చుప్రతికి మరో విలువ ఉంది. నిజాం పాలనలో చదువు, కచేరీ ఉర్దూలో నడిచేవి. తెలుగు పుస్తకం ఇంటికి రావడమే ఒక విశేషం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. తెలంగాణలో కవులే లేరన్న నిందకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. 1937లో ఆంధ్రమహాసభ నిజామాబాదులో సమావేశమైంది. ఆ మరుసటి ఏడు వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాల మూట మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. తరువాత దాశరథితో పాటు నిజామాబాదు జైలులో నిర్బంధంలో ఉన్నదీ ఆయనే.

ఆ రోజుల్లో బాన్సువాడ పక్క పల్లెలో ఒక భాగవతం ఉన్నదంటే, అది ఒక ఇంటి సొత్తుగా ఉండేది కాదు. సాయంత్రం ఒకరు చదివితే పదిమంది వినేవారు. చదవడం రానివారికి కూడా పద్యాలు నోటికి రావడం అలా జరిగిందే. తరువాతి దశాబ్దాలలో ఎమెస్కో వారి సంప్రదాయ సాహితి వంటి చవక ప్రతులు ప్రబంధాలను సామాన్యుని చేతికి అందించాయి. తిరుమల తిరుపతి దేవస్థానాలు కవిత్రయ భారతాన్ని వ్యాఖ్యానంతో పదిహేను సంపుటాలుగా ప్రచురించాయి. కొనదలచిన వారికి మంచి ప్రతులకు ఇప్పుడు లోటు లేదు. లోటంతా పాతవాటిని గుర్తించడంలోనే.

ముఖపత్రం లేని మా సంపుటం ఏనాటిదో అక్షరాలే కొంత చెప్పాయి. అరసున్నలు, బండి ఱలు తప్పకుండా ఉన్నాయి. హల్లుకు ముందు పలికే రేఫకు, అక్షరం పక్కన తొమ్మిది అంకెలా నిలిచే వలపలగిలక ఉంది. ఈ మూడూ కనిపిస్తే మన తాతల చేతి పుస్తకమే అనుకోవచ్చు.

అంచుల్లోని పెన్సిలు రాత

పెదనాన్నగారిని ఒక్క రోజు గడువు అడిగి ఆ సంపుటాన్ని పుట పుటగా తిప్పాను. అష్టమ స్కంధం దగ్గర ఆగిపోయాను. గజేంద్రమోక్షం మొదలయ్యే పుట అంచున తాతగారి పెన్సిలు రాత. ఖర నామ సంవత్సరం, శ్రావణ మాసం. పెద్దవానికి జ్వరం, పారాయణ ఆరంభం అని ఒక పంక్తి. దాని కింద తొమ్మిది నిలువు గీతలు. చివరి గీత పక్కన, తగ్గినది అని ఒకే మాట.

ఖర అంటే 1951. పెద్దవాడంటే పెదనాన్నగారే. అప్పటికి ఆయనకు ఎనిమిదేళ్లుంటాయి.

పుస్తకం తీసుకెళ్లి ఆ పుట చూపించాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, వేలు పెట్టి, అక్షరం అక్షరం చదివారు. గీతలు లెక్కపెట్టారు. "నాకేనా ఇది?" అన్నారు. చాలాసేపు ఇంకేమీ మాట్లాడలేదు. తరువాత పసుపుబట్ట తీసి మడిచి పక్కన పెట్టారు.

కొత్త ప్రతి ఎంత అందంగా అచ్చయినా ఆ తొమ్మిది గీతలు దానిలో ఉండవు. సేకరణ చేసేవారిలో కొందరు శుభ్రమైన పుటలే కావాలంటారు. రాతలున్న ప్రతికి వెల తగ్గిస్తారు. ఆ లెక్కతో నాకు ఒప్పుదల లేదు.

జీర్ణోద్ధరణ

తరువాత కథ బైండింగు వారి దగ్గర నడిచింది. ఇటువంటి పుస్తకం ఇంట ఉన్నవారికి పనికివస్తుంది కనుక కొంత వివరంగా చెబుతాను.

పాత కాగితం ఎందుకు పొడి అవుతుంది? పూర్వం గుడ్డపీలికల గుజ్జుతో చేతితో చేసిన కాగితం శతాబ్దాలు నిలిచేది. పందొమ్మిదవ శతాబ్దం రెండవ సగం నుంచి కలపగుజ్జుతో, సిరా పాకకుండా పటిక కలిపి యంత్రాలపై చేయడం పెరిగింది. ఆ పటికతో పుట్టే ఆమ్లం కాగితాన్ని లోపలి నుంచే తింటుంది. అందుకే మూడు వందల ఏళ్ల రాతప్రతి గట్టిగా ఉండగా, తొంభై ఏళ్ల అచ్చుపుస్తకం మడిస్తే విరుగుతుంది. పాపం చెదలదే కాదు.

దేవుడి గది పుస్తకానికి పవిత్రమైన చోటు, కానీ క్షేమమైన చోటు కాదు. దీపపు నూనె, కర్పూరపు మసి, అభిషేకపు తడి అన్నీ అక్కడే. పుటలపై పెట్టిన కుంకుమ తరువాతి నాలుగు పుటలకు దిగుతుంది. కుంకుమ చుట్టుగుడ్డకు పెడితే అర్చన లోపం రాదు. పారాయణ వేళ వ్యాసపీఠం వాడటం కేవలం మర్యాద కాదు. పుస్తకం పూర్తిగా పరుచుకోకుండా ఏటవాలుగా నిలుస్తుంది కనుక వెన్ను విరగదు. పెద్దలు ఏర్పరచిన పద్ధతుల్లో ఇంతటి ఉపాయం దాగి ఉంటుంది. ఎండిన వేపాకు, వస కొమ్ము గుడ్డసంచిలో వేసి బీరువాలో ఉంచడం పాత పద్ధతే. తడిగోడకు ఆనించకూడదు. మండుటెండలో ఆరబెట్టకూడదు, నీడగాలి చాలు.

చినిగిన పుటకు పారదర్శకపు అంటుపట్టీ అతికించడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. కొన్నేళ్లకు పట్టీ ఊడిపోతుంది, జిగురు మాత్రం గోధుమరంగు మరకగా నిలిచిపోతుంది. గ్రంథ సంరక్షకులు పలుచని జపాను కాగితాన్ని గోధుమపిండి గంజితో అతికిస్తారు, అవసరమైతే తడిపి తీయవచ్చు.

బైండింగు చేసేవారు చేసే మేలుతో పాటు ఒక కీడు కూడా ఉంది. అంచులు సమంగా రావాలని మూడు వైపులా కత్తిరిస్తారు. మా పుస్తకాన్ని మొదట చూపిన చోట వెంటనే కత్తిరింపు యంత్రం వైపు తీసుకుపోయారు. అడ్డుపడకపోతే తాతగారి రాత చెత్తబుట్టలో ఉండేది. మరోచోట ఒక వృద్ధుడు అంచు ముట్టుకోకుండా, పుటలను చేతితో కుట్టి, ముతక ఖాదీ గుడ్డ అట్ట వేసి ఇచ్చాడు. పోయిన ఆరంభ పుటల స్థానంలో అంతే సంఖ్యలో తెల్లకాగితాలు చేర్చాడు. వాటిపై పద్యాలను కొత్త ప్రతి చూసి చేతితో రాసే పని పెదనాన్నగారు తన మీద వేసుకున్నారు. చేయి వణుకుతుంది కనుక రోజుకు రెండు పద్యాలే.

ఇంట ఉంచుకోవడానికి నిజంగా వీలులేని వారికి కూడా నీరు ఒక్కటే దిక్కు కాదు. హైదరాబాదులో భాషానిలయం ఉంది. వేటపాలెంలో 1918 నుంచి సారస్వత నికేతనం ఉంది. పుస్తకం ఇవ్వడానికి ముందు అంతర్జాలంలో చూడవచ్చు. ఈ శతాబ్ది తొలి దశకంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట వేలాది తెలుగు గ్రంథాలను ఛాయాచిత్రాలుగా భద్రపరిచారు. వాటిలో పుటలు లోపించినవి కూడా ఉన్నాయి. ఆ లోపించిన పుట మీ అటకమీదే ఉండవచ్చు.

ఎవరి ఇంట ఉండాలి?

బాగుపడ్డ సంపుటం తిరిగి రాగానే పాత చిక్కు మళ్లీ తలెత్తింది. ఇక ఈ రెండిటినీ విడదీయకూడదన్నారు అందరూ. మరి ఎవరి ఇంట? పెద్దవారి ఇంట ఉండాలని ఒకరు, రుక్మిణీకల్యాణం మాది కదా అని ఒకరు. మా సంపుటం వెనుక అట్ట లోపల, పెళ్లయిన ఆడపిల్లల పేర్లు, తేదీలు వరుసగా రాసి ఉన్నాయి. రెండు ఇళ్ల పిల్లలూ అందులో ఉన్నారు. ఆ జాబితా చూశాక వాదన చల్లబడింది.

ఏడాది ఒక ఇంట, ఏడాది మరో ఇంట అని చివరకు పెదనాన్నగారే తేల్చారు. మారే రోజు భాద్రపద పూర్ణిమ. బంగారు సింహాసనం లేదు గనుక చెక్క వ్యాసపీఠంతో సహా ఇవ్వాలని కట్టడి. మొదటి మార్పు 2025లో రావలసింది. ఆ ఏడు సెప్టెంబరు 7న భాద్రపద పూర్ణిమ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది. ఆ రోజు వద్దన్నారు పెదనాన్నగారు. మరునాడు ఉదయం ఇల్లు కడిగి, స్నానాలు ముగించాక, రెండు సంపుటాలనూ పాత పసుపుబట్టలోనే చుట్టి మా గుమ్మంలోకి తెచ్చారు. రాయవలసిన తెల్లకాగితాలు ఇంకా ఆరు మిగిలి ఉన్నాయి. వాటి కోసం వారానికి రెండుసార్లు వస్తానన్నారు.